కొండదారిని తల్లితో

గోదావరి మండలములనుండి విదేశములందలి బిడ్డల యిండ్లకు బోవు తల్లులనేకులు పురుడు పోసి, పసివారినెత్తి, వంటయిల్లు దాటకయే మరలివచ్చుచున్నారు. ఆ దేశమెట్లున్నదని యడిగినచో చలిగా నున్నదని మాత్రము చెప్పుదురు.

కావున అమలాపురమునుండి మా తల్లిగారు ఆస్ట్రియాకు మాకడకు వచ్చినపుడు, ఆషాఢమున వారిని మోటారు సైకిలుపై వెనుక గూర్చుండబెట్టుకొని గ్రాస్‌గ్లాక్నర్ కొండదారిని జూపితిమి. పడవనుండి పాపికొండలను జూచిన కన్నులకు ఇది వేఱొక లోకము. 1935లో తెరువబడిన యీ బాట నిడివి 48 కిలోమీటర్లు, మెలికలు 36. బాట దాటు కనుమ 2,504 మీటర్ల యెత్తుననున్నది. శీతకాలమున మంచుచే మూయబడును.

వయసు మీరినవారికిది తగునాయని కొందరందురు. జాగ్రత్త యుండిన దగును. ఆ దేశమున వెనుక గూర్చుండువారికిని శిరస్త్రాణము విధి. చీరచెఱగు చక్రమున జిక్కు ప్రమాదము గలదు గనుక తల్లిగారు పైజామా, ఉన్నికోటు, చేతితొడుగులు ధరించిరి. తఱచుగా దిగి విశ్రమించితిమి. మబ్బు క్రమ్మినచో మరలుదమని ముందే నిశ్చయించుకొంటిమి.

దేశములోకెల్ల నెత్తైన 3,798 మీటర్ల శిఖరము క్రింద పాస్టెర్జే హిమానీనదమును జూచి వారు, "అమ్మాయీ, మన గోదావరికి వానలే దిక్కు, ఇచటివారికి దేవుడు నీటిని కొండనెత్తిన దాచియుంచినాడే!" అనిరి. ఆ మంచు ఏటేట కరగి తగ్గుచున్నదని చెప్పగా చాలసేపు మాటాడలేదు.

విదేశములందున్న సోదరీమణులారా! తల్లి వచ్చినపుడు ఒక్కదినమైనను వంటయింటికి తాళము వేయుడు. ఆమె వచ్చినది మీ యింటికే కాదు, మీరు బ్రదుకు దేశమునకు గూడ.