మ్రింగెడు మాత్ర - ముట్టెడు చేయి

మా పాఠకురాలొకరి కుమార్తె అమెరికాలో ఒక మందులకొట్టున టెక్నీషియనుగా, అనగా వైద్యుని చీటి ననుసరించి మాత్రల నెంచి సీసాల కెత్తు పనిలో, చేరినదట. కొన్ని మాత్రలను చేతితొడుగులు లేక తాకరాదని అచ్చట కట్టడి. రోగి నోట వేసికొని మ్రింగు మాత్రను ముట్టుటకే యింత భయమేల, ఇది వట్టి ఆడంబరము కాదా యని ఆ తల్లి మమ్ము ప్రశ్నించియున్నారు. ప్రశ్న సమంజసమే. సూదిమందన్న మనకు జంకు, మాత్ర యన్న చనువు. ఆ చనువునందే చిక్కున్నది.

ఇట్టి మందులలో మెథోట్రెక్సేటు నుదాహరణముగా గైకొందము. దీనితో ఆంధ్రుల కొక బాంధవ్యము కలదు. భీమవరమున 1895లో జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకులై యుండగా, వారి బృందము ఫోలిక్ ఆమ్లమును, పిదప దానికి విరోధులగు మందులను తయారుచేసెను. అట్టి విరోధి నొకదానిని బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు గల పిల్లలకిచ్చి, తాత్కాలికముగా నైనను వ్యాధి తగ్గుటను 1948లో ప్రకటించెను. సుబ్బారావుగారు ఆ యేటనే పరమపదించిరి. మెథోట్రెక్సేటు ఆ కోవలోనిదే. నేడు దీనిని క్యాన్సరునకే గాక కీళ్లవాతమునకును, సోరియాసిస్ అను చర్మవ్యాధికిని స్వల్పమోతాదున నిచ్చుచున్నారు. కనుకనే అది మన యిండ్లలోనికిని వచ్చినది.

గర్భిణులకు తొలినాళ్ల నుండి ఏ ఫోలిక్ ఆమ్లము నిచ్చుచున్నారో, దాని పనినే ఈ మందు అడ్డగించును. అది లేక జీవకణము రెండు కానేరదు. క్యాన్సరు కణము శీఘ్రముగ పెరుగునది గనుక దెబ్బతినును. కడుపులోని పిండమును శీఘ్రముగ పెరుగునదే. రోగికి కీడున్నను మేలధికమని వైద్యుడు తూచి యిచ్చును. మాత్రల నెంచు యువతికో, మేలు లేశమును లేదు. రోగి వారమున కొకనాడు మ్రింగును. ఆమె ఏండ్ల తరబడి దినమెల్ల పలువురి మాత్రలు ముట్టును. తల్లిగారి ప్రశ్నకు మా యుత్తరమిదియే.

ఈ భయము ఊహామాత్రము కాదు. క్యాన్సరు మందులతో పనిచేయు నర్సుల మూత్రమున జన్యువులను మార్పజాలు పదార్థముల జాడ నున్నట్లు 1979లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు తెలిపిరి. అమెరికాలో వృత్తిరక్షణకై యేర్పడిన నయోష్ సంస్థ 2004లో హెచ్చరిక వెలువరించినది. ఆ దేశపు ఔషధసంహితలో 800వ అధ్యాయము 2016లో ప్రచురితమైనది.

అందలి సూక్ష్మమంతయు పొడియందున్నది. పైపూత చెదరని మాత్రవలన భయ మత్యల్పము. పూత లేనివి సీసాలో ఒకదానితో నొకటి రాసికొని సన్నని ధూళి రాల్చును. కావున వీనిని ఎంచు యంత్రములలో పోయరాదు. కుదుపునకు పొడి లేచును. వీనికి వేరు పళ్లెరము, వేరు గరిటె యుంచి, ప్రతిమారును శుభ్రపరుపవలెను. ఇట్టి మందులకై పరీక్షించిన తొడుగులనే వాడి, తీసిన పిమ్మట చేతులు సబ్బుతో నీటితో కడుగుకొనవలెను. శానిటైజరు పూసికొనుట చాలదు. అది క్రిములను చంపునే గాని మందును పోగొట్టదు. గర్భము ధరింపగల వయసువారు ఈ యపాయమును గ్రహించితిమని వ్రాసి యియ్యవలెనని ఆ యధ్యాయమున నిబంధన కలదు. ఆ చిరంజీవి దానిని చదువక సంతకము చేయకుండునుగాక!

మన దేశమున మాత్రలు సాధారణముగ అట్టలలో నుండును గనుక ధూళి బాధ తక్కువ. కాని కొట్టువారు కత్తెరతో అట్టను ముక్కలు చేయుదురు. మందు పేరు ఒక ముక్కపై నుండును, మాత్ర వేరొక ముక్కలో ఇల్లు చేరును. ఇది మాకు బొత్తిగా నచ్చని యలవాటు. కీళ్లవాతపు రోగికి మెథోట్రెక్సేటుతో బాటు ఫోలిక్ ఆమ్లమును వ్రాయుదురు. రెండును తరచు పసుపుపచ్చని చిన్నమాత్రలే. మొదటిది వారమున కొకనాడే. దానిని ప్రతిదినము మ్రింగి ప్రాణములు గోల్పోయినవారున్నారు. కావున పేరుగల అట్టనే యడిగి తెచ్చి, వేరు డబ్బాలో నుంచి, ఏ వారమో దానిపై తెలుగున వ్రాయుడు. పొరపాటున అదనముగ మ్రింగినచో నోటిపూతయో జ్వరమో వచ్చుదాక వేచియుండక తక్షణమే ఆసుపత్రికి పోవలెను. విరుగుడు కలదు, ఆలస్యమైనకొలది దాని బలము తగ్గును.

మ్రింగలేని వృద్ధులకై మాత్రను కల్వమున నూరుట మనకు పరిపాటి. ఈ మందును నూరరాదు, విరువరాదు. ద్రవరూపమున దొరకునేమో వైద్యు నడుగుడు. అత్తగారికి మందందించు పని సామాన్యముగ కోడలిది. ఆమె గర్భిణియైనచో ఆ పనిని కుమారుడే చేయవచ్చును. వారమున కొక్కమారే గదా! తప్పనిసరియై కోడలు తొడుగు వేసికొనినచో, తన్ను అసహ్యించుకొన్నదని అత్తగారు నొచ్చుకొనరాదు. మిగిలిన మాత్రలను చెత్తలోను మరుగుదొడ్డిలోను పారవేయక, పిల్లల కందనిచోట నుంచి, ఇచ్చిన ఆసుపత్రివారి నడిగి అప్పగింపుడు.