హాల్ టికెట్ చేతికొచ్చేదాకా నోరు మూసుకో

తెనాలిలో స్థిరపడిన కవిరాజు త్రిపురనేని రామస్వామి రాసిన ‘శంబూక వధ’ని ఈరోజు చెరుకుపల్లి నుంచి బస్సెక్కి వెళ్ళే ఓ డిగ్రీ విద్యార్థిని ప్రభుత్వ కాలేజీ వార్షికోత్సవంలో వేస్తానంటే ఏమవుతుంది? నిషేధం అన్న మాట ఎవరూ వాడరు. ప్రిన్సిపాల్ గారు గదిలోకి పిలిచి, “ఎందుకమ్మా ఈ గొడవలు, పరీక్షలు దగ్గరికొస్తున్నాయి” అంటారు. అంతే. హాల్ టికెట్, స్కాలర్‌షిప్, టీసీ ఎవరి చేతిలో ఉన్నాయో ఆ పిల్లకి తెలుసు.

“రాజ్యాంగంలో 19వ అధికరణం ఉందిగా, మళ్ళీ చట్టమెందుకు?” అంటారు మిత్రులు. ఉంది. 1985 జులైలో కేరళలో ముగ్గురు తోబుట్టువుల్ని జాతీయగీతం పాడలేదని బడి నుంచి పంపేశారు. వాళ్ళు గౌరవంగా నిలబడ్డారు, పాడలేదు, అంతే. విద్యాశాఖ సర్క్యులర్లకు చట్టబలం లేదనీ, వాటితో ప్రాథమిక హక్కును కట్టడి చెయ్యలేరనీ సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. కానీ ఆ తీర్పు వచ్చింది 1986 ఆగస్టులో. హక్కు గెలిచింది, చదువు ఏడాది పోయింది. మన పిల్లల్లో ఎంతమంది ఢిల్లీ దాకా వెళ్ళగలరు?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సంగతి మర్చిపోయే విషయం కాదు. 2015లో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కి చెందిన ఐదుగురు విద్యార్థుల మీద వచ్చిన ఆరోపణ కొట్లాటే. కానీ గొడవ మొదలైంది మాటల దగ్గర: ఉరిశిక్షకు వ్యతిరేకంగా నిరసన, ఒక డాక్యుమెంటరీ ప్రదర్శనపై జరిగిన దాడిని ఖండించడం, దానికి జవాబుగా ఏబీవీపీ నాయకుడి ఫేస్‌బుక్ పోస్టు. చివరికి ఆ ఐదుగురినీ హాస్టల్ నుంచి వెళ్ళగొట్టారు. 2016 జనవరి 17న వాళ్ళలో ఒకడైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు.

నేనడిగే చట్టం ఆ నిరసననే కాదు, ఆ ఫేస్‌బుక్ పోస్టునీ కాపాడాలి. మనకి నచ్చినవాళ్ళ నోటికే రక్షణ ఇస్తే అది పార్టీ తీర్మానం అవుతుంది గానీ చట్టం అవదు. కొట్టడం, బెదిరించడం వేరు, వాటికి పోలీసులున్నారు.

చట్టంలో ఉండాల్సినవి పెద్దగా ఏం లేవు. మాట్లాడినందుకు, రాసినందుకు, నాటకం వేసినందుకు శిక్ష ఉండకూడదు. రాతపూర్వక ఆరోపణ, విచారణ లేకుండా హాస్టల్, స్కాలర్‌షిప్, హాల్ టికెట్ ఆపకూడదు. అప్పీలు కాలేజీ బయటివాళ్ళు విని, పదిహేను రోజుల్లో తేల్చాలి.

ఇంత కఠినంగా కాలేజీలను కట్టెయ్యొచ్చా అంటారేమో. మనం ఇదివరకే కట్టేశాం. 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం ఫిర్యాదు మీద చర్య తీసుకోని కాలేజీ అధిపతి కూడా నేరానికి సహకరించినట్టే లెక్క. పిల్లల్ని తోటి పిల్లల నుంచి కాపాడటానికి ప్రిన్సిపాల్‌ని బాధ్యుణ్ణి చెయ్యగలిగినవాళ్ళం, ప్రిన్సిపాల్ నుంచి కాపాడటానికి మాత్రం ఎందుకు వెనకాడుతున్నాం?

“వాళ్ళకి చదువు ముఖ్యం, రాజకీయాలు కాదు” అనేవాళ్ళు ఉంటారు. పద్దెనిమిదేళ్ళకు ఓటిచ్చి, ఆ ఓటు గురించి కాలేజీలో మాట్లాడొద్దనడం నాకైతే అర్థం కాదు.

ఆ పిల్ల నాటకం బాగోకపోతే బాగోలేదని రివ్యూ రాయడానికి నేను సిద్ధం. ముందు దాన్ని వెయ్యనివ్వండి.