పని తెలిసినవాడే గురువు కావాలి

విద్యుత్తు పని నేర్పేవాడు స్వయంగా మోటారు విప్పి, వైరింగు చేసి, చేతులు కాయలు కాచినవాడై ఉండాలా? డిప్లొమా ఉంటే చాలునని వాదించే పెద్దలు మనలో ఉన్నారు. నేను ఏకీభవించలేను.

మన దేశంలో శిల్పకారుల శిక్షణ పథకం 1950లో ప్రారంభమైంది. ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియన్ శిక్షణ రెండు సంవత్సరాలు. అక్కడ బోధించడానికి డిగ్రీ, డిప్లొమా పొందినవారే కాక, ఐ.టి.ఐ. సర్టిఫికెట్టుతో కొన్నేళ్ళు పనిచేసినవారూ అర్హులే. బోధకుల కోసం ప్రత్యేకంగా ఒక సంవత్సరం శిక్షణ కూడా కలదు. ఈ దారి ఉన్నదని మన పిల్లలకు చెప్పేవారే అరుదు.

సరఫరా ఆగినదో లేదో టెస్టరుతో చూడమంటారు. చెడిపోయిన టెస్టరు కూడా వెలగదు కదా! అందుచేత ముందు కరెంటున్న చోట దానిని వెలిగించి చూచి, పిదప పనిచేయవలసిన తీగను పరీక్షించి, మరల కరెంటున్న చోట చూచుకోవడం జాగరూకుని పద్ధతి. గ్రంథంలో ఇది ఒక వాక్యం, పనివానికి ప్రాణం. ఇంటిలోని 230 వోల్టులు పొరపాటును క్షమించవు.

అట్లని అనుభవమంతా బంగారం కాదు. ఫ్యూజు పోతే లావుపాటి రాగితీగ చుట్టి “సరిపోతుందిలే” అనేవారు అనుభవజ్ఞులలోనూ ఉన్నారు. కరెంటు మితిమీరినపుడు తాను కరగి తెగిపోవడమే ఫ్యూజు ధర్మం. అది తెగకుంటే గోడలోని వైరు కాలుతుంది. ఇటువంటి అలవాట్లను వదిలించుకొన్న తరువాతనే వారు పాఠం చెప్పాలి. మన వీధులలోని ఉస్తాదులు పని చూపుతారు గాని కారణం చెప్పరు. కొందరు కీలకం దాచుకొంటారు కూడా. శాగిర్దు రేపు పోటీకి వస్తాడనే పొట్టకూటి భయం వారిది, నిందించలేను. నెల జీతంతో బోధకుడైనవానికి ఆ భయం ఉండనక్కరలేదు.

చేతికి తెలిసినదానిని నోటితో చెప్పడం వేరొక విద్య. ఫేజు, న్యూట్రల్, ఎర్తింగు అనే వాడుక మాటలకు కృత్రిమమైన అనువాదాలు వల్లింపజేయడం వ్యర్థం (తెలుగు పంతులే ఈ మాట అంటున్నాడని నవ్వకండి). ఆ మాటలనే ఉంచి, విషయాన్ని ఉర్దూ బాలునికి ఉర్దూలో, తెలుగు బాలునికి తెలుగులో విడమరచగలవాడు కావాలి. రెండు భాషలలో పెరిగిన మన పనివారికి ఇది సహజంగా అబ్బిన సంపద.

కళాశాలా సంఘం వారికి నా మనవి. ఊరిలో సర్టిఫికెట్టు, అనుభవం రెండూ ఉన్న ఎలక్ట్రీషియన్లను పిలిపించి, సరఫరా తొలగించిన బోర్డు మీద విద్యార్థులకు ఒక్కొక్క పాఠం చెప్పించండి. చెప్పగల నేర్పు కనబడినవారికి బోధక శిక్షణ దరఖాస్తు నింపిపెట్టండి. ఇంగ్లీషు ఫారం చూచి జంకి వెనుదిరిగే పనిమంతులు మన మొహల్లాలలోనే ఉన్నారు.