వరద పడవకు ధర ఒక్కటే కొలబద్దా?

న్యూఢిల్లీ: 2023 జూలై 13న ఢిల్లీ పాత రైల్వే వంతెన వద్ద యమున నీటిమట్టం 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును అధిగమించిన సంగతి విదితమే. అక్కడ ప్రమాదస్థాయి 205.33 మీటర్లు మాత్రమే. వాహనాలు తిరగవలసిన రాజధాని వీధుల్లో పడవలు తిరిగాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడూ పడవలే శరణ్యమయ్యాయి. సహాయక దళాలకు గాలి నింపే రబ్బరు పడవలు ఉన్నా, గట్టి అడుగు గల పడవల అవసరం తీరేది కాదు. అవి ఏ పదార్థంతో తయారు కావాలన్నది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న.

చిన్న పడవల తయారీకి ప్రధానంగా మూడు రకాల ప్లాస్టిక్కులు వాడుకలో ఉన్నాయి. గాజునారను రెసిన్‌తో పొరలుగా అతికి చేసే ఫైబర్ పడవ కోస్తా మత్స్యకారులకు చిరపరిచితం. తేలిక, బిగువు దాని సుగుణాలు. చిల్లు పడితే ఊళ్లోనే అతుకు వేయవచ్చు. కాని గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. పాలిథిలిన్ పొడిని అచ్చులో పోసి, తిప్పుతూ కరిగించి చేసే పడవ బరువెక్కువే అయినా, దెబ్బకు వంగి తిరిగి యథాస్థితికి వస్తుంది. రాళ్ల నడుమ వడినీటిలో కయాక్ నడిపేవారు దీనినే ఎంచుకోవడానికి కారణమిదే. ఎ.బి.ఎస్. రేకులతో చేసేది ఈ రెండింటికీ మధ్యస్థం. ఎ.బి.ఎస్. పొరలతోనే తయారైన రాయలెక్స్ అమెరికా కెనూలకు దశాబ్దాలపాటు పేరు తెచ్చినా, 2014లో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. ఒకే తయారీదారును నమ్ముకోరాదన్నది ఆ అనుభవం నేర్పే పాఠం.

మునిగిన వీధిలో నీటి అడుగున ఏ కంచె, ఏ ఇనుపచువ్వ ఉన్నదో పడవ నడిపేవారికి తెలియదు. అందుచేత వరద సహాయానికి పాలిథిలిన్ మేలనడంలో సందేహం లేదు. అయితే 45 డిగ్రీలు దాటే ఢిల్లీ ఎండ దానికి శత్రువు. వేడికి మెత్తబడి, ఆనిన చోట అడుగు కుంగుతుంది. సూర్యరశ్మిని తట్టుకునే రసాయనం కలపకపోతే కాలక్రమేణా పెళుసుబారుతుంది. మామూలు జిగురు అంటదు గనుక వేడిగాలితో అతికే నేర్పరులు కావాలి. ఏళ్ల తరబడి ఆరుబయట ఎండలో పడి ఉన్న పడవ వరదనాడు అక్కరకు రాకపోవచ్చు.

పనికిరాని పాలిథిలిన్‌ను కరిగించి మళ్లీ వాడవచ్చు. ఫైబర్ పడవకు ఆ వీలు లేదు. ఈ ఖర్చు కొనుగోలునాటి ధరలో కనిపించదన్నది గమనార్హం.

కనుక టెండర్లలో తక్కువ ధరతోపాటు దెబ్బను తట్టుకునే పరీక్ష, ఎండ నుంచి రక్షణ, మరమ్మతు సదుపాయం కూడా షరతులు కావాలి. పడవతోపాటు దానికి నీడనిచ్చే షెడ్డును సైతం మంజూరు చేయాలి. నది పొంగిన తర్వాత పడవను పరీక్షించడమంటే అందులో ఎక్కినవారి ప్రాణాలను పరీక్షించడమే.