కంపెనీకో గడువు, రైతుకో గడువా?

సివిల్ దావాలో ఓడినోడు కోర్టులో ఏడిస్తే గెలిచినోడు ఇంటికొచ్చి ఏడుస్తడని మన సామెత. ఈ ఏడుపు తగ్గించేందుకే పార్లమెంటు 1999లో, 2002లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించింది. సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాది జవాబు దావా వేయాలి. జడ్జి కారణాలు రాసి గడువు పెంచినా 90 రోజులు దాటరాదు. విచారణలో ఒక్కో పక్షానికి మూడు వాయిదాలే.

జడ్జి విచక్షణకు చట్టం గీసిన గీత ఇది. 2005లో కైలాష్ కేసులో సుప్రీంకోర్టు 90 రోజుల గడువు తప్పనిసరి కాదన్నది. అసాధారణ పరిస్థితుల్లోనే సడలించాలని కూడా చెప్పింది. కానీ ఏది అసాధారణం? అది మళ్లీ జడ్జి ఇష్టమే!

అదే 2015 వాణిజ్య కోర్టుల చట్టం చూడండి. 120 రోజులు దాటితే జవాబు వేసే హక్కే పోతుందని అందులో స్పష్టంగా రాశారు. అందుకే 2019లో సుప్రీంకోర్టు ఆ గడువు తప్పనిసరి అన్నది. మామూలు దావాలకు మాత్రం పాత వెసులుబాటే ఉంటుందని 2020లో దేశ్‌రాజ్ కేసులో తేల్చింది. అంటే కంపెనీల తగాదాకు రాతి మీద గీత, రైతు గెట్టు తగాదాకు నీళ్ల మీద గీత!

జడ్జి చేతులు కట్టేయమని మేం అనడం లేదు. సమన్లే అందని పేదోడికి, మంచాన పడ్డోడికి వెసులుబాటు ఉండాల్సిందే. అయితే ఆ కారణాలేవో చట్టంలోనే రాయాలి. కావాలని సాగదీసినోడితో ఎదుటి పక్షానికి ఖర్చులు కట్టించాలి. గడువు దాటితే ఏమవుతుందో చట్టం చెప్పకపోతే, ఆ ఖాళీని వాయిదాలే నింపుతాయి. ఆ ఖాళీని పూడ్చాల్సింది పార్లమెంటే.