పసిపిల్లల పని, ఆట: గునుగు పూచు దినములు



భాద్రపదము నడుచుచున్నది. మా రామన్నపేట చుట్టుప్రక్కల చెలకలలో గునుగు తెల్లగా తలలెత్తినది. గట్ల మీద తంగేడు పచ్చబడినది. మా పేట 2016 వఱకు నల్లగొండ జిల్లాలోనిది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. జిల్లా మారినను మన్ను మారలేదు, పువ్వు మారలేదు.

ఈ నెల యొక సోదరి వ్రాసిన జాబును ముందుగా మీ యెదుట పెట్టుచున్నాను. ఆమె కుమారునికి నాలుగవ యేడు. మన్ను చూచినచో చేతులు వెనుకకు దాచుకొనునట. ఫోను చేత బెట్టనిదే ముద్ద దిగదట. బడివారు పువ్వులతో బొమ్మ చేయించి తెమ్మనగా, పిల్లవాడు నిద్రపోయిన పిమ్మట రాత్రి పదునొకండు గంటల దాక ఆమెయే కూర్చుండి అతికినదట. మఱునాడు వానికి మెప్పు వచ్చినది. “నాకు మాత్రము సిగ్గు వేసినది, అక్కయ్యా” అని వ్రాసినది.

చెల్లీ, నీవు సిగ్గుపడ నక్కఱలేదు. తల్లిచేత చేయించి బిడ్డను మెచ్చుకొను ఆచారమునే మనము మానిపించవలెను. నాలుగేండ్ల పిల్లవాడు చేసిన బొమ్మ బొమ్మవలె ఉండదు, ఉండనక్కఱయు లేదు. వాని వ్రేళ్లు నొక్కినవా, వాని ముక్కు వాసన పట్టినదా, చేసిన పనిని వాడు మరల చేయగోరెనా అనునదే లెక్క. ఈసారి బొమ్మ యడిగినచో వాడు చేసినదానినే, వంకరగా నున్నను, పంపుము.

ఇక మన్ను సంగతి. మా వైపు పెత్తరమాసకు ముందు దినములలో ఆడపిల్లలు బొడ్డెమ్మను వేయుదురు. మన్ను తెచ్చి, నీళ్లు చల్లి, పిసికి, మెట్లు మెట్లుగా పేర్చి, పూలు గుచ్చి, చుట్టును ఆడుదురు. పెద్దపిల్లలు మెట్లు తీర్చుచుండగా చిన్నవారికి మన్ను పిసుకు పని దొరకును. ఇంతకన్న మంచి పాఠము ఏ బడిలోను నేను చూడలేదు. నీ పిల్లవాడు మగవాడని దూరముగా కూర్చుండబెట్టవలదు. పిసుకుటకు ఎవరైన నేమి?

అయితే మన్ను ముట్టని బిడ్డ చేతిని పట్టి బురదలో ముంచరాదు. అట్లు చేసినచో ఆ బెదురు ఇంకను గట్టిపడును. మొదట పొడి జొన్నపిండిని పళ్లెములో పోసి వ్రేలితో గీతలు గీయనిమ్ము. రెండు మూడు దినములైన పిదప ఆ పిండిలోనే కొంచెము నీరు పోసి ముద్ద చేయనిమ్ము. ఆ మీదట మన్ను. అదియు ముందు పుల్లతో, పిదప గరిటెతో. చేయి కడుగుకొనుటకు చెంబుతో నీళ్లు వాని ప్రక్కనే యుంచుము. ఎప్పుడైన కడుగుకొనవచ్చునను ధైర్యము గల పిల్లలే మురికికి వెఱవరు. కొందఱు వారములో మారుదురు, కొందఱికి నెలలు పట్టును.

మన్ను ఎచ్చటిదో చూచి తెమ్ము. వీథిలో కుక్కలు తిరుగు చోటిది వలదు. మూసీ యొడ్డు మన్ను అసలే వలదు; హైదరాబాదు మురుగెల్ల ఆ నీటిలో కలియుచున్నదని మన మెఱుగని విషయము కాదు. చేను గట్టున రెండు జానలు త్రవ్వి, లోపలి మన్ను తీసి, జల్లించి, ఒక దినము ఎండబెట్టినచో చాలును. ఆట ముగియగానే సబ్బుతో చేతులు కడిగి గోళ్లు చూడవలెను. పిల్లవాడు మన్నుతో ఆడక, మాటిమాటికి తినుచున్నచో కొట్టవలదు, వైద్యునికి చూపవలెను. రక్తములో ఇనుము తగ్గిన పిల్లలలో ఈ యలవాటు తఱచుగా కనబడును.

తరువాత గునుగు. బతుకమ్మ పేర్చునప్పుడు గునుగు కొసలకు రంగు లద్దుట మన వాడుక. బజారు పొడులు చౌకయే గాని, ముట్టిన చేతినే నోట బెట్టుకొను పసివారికి అవి తగవు. వారికి వంటింటి రంగులు చాలును. వేడినీళ్లలో పసుపు కలిపి చల్లార్చి రెండు గిన్నెలలో పోయుము. ఒక గిన్నెలో చెంచాడు వంటసోడా వేయుము. పసుపు చూచుచుండగనే ఎఱ్ఱబాఱును! పిల్లవానిచేతనే అందులో నిమ్మకాయ పిండించుము. బుసబుస పొంగి మరల పసుపగును. పసుపులో సున్నము కలిపినను ఇట్లే ఎఱ్ఱనగును, మనము హారతికి కలుపునది అదియే. కాని సున్నము కంటబడినచో ప్రమాదము గనుక పిల్లల ఆటకు సోడాయే మేలు. మా యింటి మూడేండ్ల మనుమరాలు ఈ ఆటతో గంటసేపు కదలక కూర్చున్నది. నిమ్మకాయలు ఆఱు ఖర్చయినవి. పువ్వుల మాటయే మఱచినది.

పువ్వుల మాట మఱవని పిల్లల కొఱకు మఱియొక ఆట. గుడ్డసంచిలో గునుగు కంకి, తంగేడు కాయ, చింతకాయ, నున్నని పెద్ద రాయి, సీతాఫలపు తొక్క వేసి, చూడక చేయి పెట్టి తడవి, ఏది యేదో చెప్పుమనవలెను. మేరియా మాంటిసోరీ అను ఇటలీ దేశపు విదుషి 1939లో మద్రాసునకు వచ్చి, యుద్ధకాలమెల్ల మన దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. ఆమె పద్ధతి బడులలో ఇట్టి సంచి యొకటి యుండును. దానిని కొనువారు కొనుచున్నారు. మనకు పోచంపల్లి చీర చెంగు ముక్క చాలును. గునుగు గరగర, గుమ్మడిపూవు మెత్తన, బంతిపూవు ఘాటు: ఈ మాటలు బిడ్డ నోట వచ్చుటకు ముందు చేతికిని ముక్కునకును రావలెను.

సీతాఫలములు కూడ వచ్చుచున్నవి. పండినవి కొని యీయకుము. కన్ను విచ్చిన కాయలు నాలుగు తెచ్చి జొన్నలలో పూడ్చి, ప్రతి యుదయము పిల్లవానిచేత ఒత్తి చూపించుము. నేడు రాయి, రేపు కొంచెము మెత్తన, ఎల్లుండి ఇల్లెల్ల వాసన. ఎదురు చూచుట అనునది ఫోను నేర్పని విద్య. తిన్న పిదప గింజలను నీవే యేఱి పాఱవేయుము. పేలకని ఆ గింజలను నూఱి తలకు పెట్టు అలవాటు కొన్ని యిండ్లలో ఇంకను కలదు; ఆ పొడి కంటబడినచో కంటికి పుండగును.

గింజల మాట వచ్చినది గనుక గట్టిగా చెప్పవలసిన దొకటి కలదు. ఎఱ్ఱగా, నల్లని చుక్కతో మెఱయు గురివింద గింజ ఏ పిల్లనైనను పిలుచును. పూర్వము కంసాలులు దానితో బంగారము తూచిరి. కాని దానిలో ప్రాణము తీయు విషమున్నది. పై పెంకు గట్టిది గనుక కొన్నిసార్లు మ్రింగినను కడుపులోనుండి అట్లే వెడలిపోవును. నమిలినచో, లేక దండకై తొలిచినదైనచో, విషము బయటపడును. మ్రింగిన వెంటనే ఏ బాధయు కనబడకపోవచ్చును. అందుచేత వేచి చూడక, వాంతి చేయింప యత్నింపక, మిగిలిన గింజలను చేత బట్టుకొని ఆసుపత్రికి పోవలెను. ఆముదపు గింజయు నంతే. గన్నేరు, ఉమ్మెత్త పువ్వులను ఆటలోనికి రానీయకుడు.

మూడేండ్లలోపు వారికి నిమ్మకాయకన్న చిన్న వస్తువు చేతి కీయరాదు. కిందటి యేడు మా ప్రక్క యింటిలో పిల్లవాడు చింతగింజను ముక్కున దోపుకొనెను. పిన్నితో పుల్లతో తీయబోగా అది లోనికి జరిగినది. అదృష్టవశమున వైద్యుడు తీసినాడు. ముక్కులో ఏమి పడినను వ్రేలు గాని పుల్ల గాని పెట్టక, పిల్లవానిని ఏడ్పింపక తీసికొని పోవలెను.

చెల్లీ, నీ పిల్లవానికి ఫోను ఒక్కసారిగా మాన్పలేవు. ముందు ఒక పూట మానిపించుము, ఆ పూట గునుగు కట్ట వాని ముందు వేయుము. ముద్ద సంగతి నాకు వ్రాయుము. సద్దుల బతుకమ్మ నాటికి పిల్లవాడు మన్నులో ఒక వ్రేలు పెట్టినచో అదియు వ్రాయుము. వచ్చు నెలలో తాటియాకు బూర, జొన్నబెండ్ల బండి.