ఇంటింటి ఆరోగ్యం: దారి చీలేచోట ఒక స్టెంటా, రెండా?

ఈ నెల మా చేతికందిన ఉత్తరాలలో ఒకటి పాంచాలంకురిచ్చి పక్కనున్న పల్లెనుంచి వచ్చింది. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. మన కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతపు ఇళ్ళలో ఇది వింతకాదు గనుక చదువుకోవడం మాకు కష్టం కాలేదు. కష్టమైనది అందులోని ప్రశ్న.

"మా నైనకు అరవై యెనిమిదేండ్లు. నాలుగడుగులు నడిస్తే రొమ్ము పట్టేస్తున్నదని మదురైలో చూపించాము. గుండె రక్తనాళం రెండుగా చీలేచోట అడ్డు ఉన్నదన్నారు. అక్కడి డాక్టరుగారు ఒక స్టెంటు చాలునన్నారు. తిరునెల్వేలిలో ఇంకొకరు రెండు పెట్టడం మంచిదన్నారు. ఒకటన్నవారు మేము బీదలమని తక్కువతో సరిపెడుతున్నారా? రెండన్నవారు డబ్బుకోసం చెబుతున్నారా? ఈ తగవులో అన్నదమ్ములం మాట్లాడుకోవడమే మానేశాము. మీరే చెప్పండయ్యా."

1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన కట్టబొమ్మన ఊరివారికి గుండెధైర్యం సంగతి మేము చెప్పనక్కరలేదు. గుండె రక్తనాళాల సంగతి మాత్రం కొంత చెప్పవచ్చు ననుకుంటున్నాము. మేము వైద్యులం కాము. ఆ నైనగారి యాంజియోగ్రాం చూడలేదు. కాబట్టి ఒకటా, రెండా అన్న తీర్పు మాది కాదు. ఇద్దరు వైద్యులూ నిజాయితీపరులై ఉండికూడా రెండు విధాలుగా ఎట్లా చెప్పగలరో, అది మాత్రం వివరిస్తాము.

విరుదునగరం జంక్షను తెలియనివారు మనలో ఉండరు. మదురైనుంచి వచ్చిన రైలుదారి నేరుగా సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు పోతుంది. ఒక కొమ్మ మానామదురైకి, మరొకటి శివకాశి మీదుగా తెన్‌కాశికి చీలుతుంది. గుండెకు రక్తమందించే నాళాలుకూడా అట్లాగే పెద్దదారినుంచి కొమ్మలుగా చీలుతూ పోతాయి. చీలికదగ్గర రక్తం గోడలను ఒకే తీరున ఒరుసుకొని పారదు. చీలే మొనకు ఎదురుగా ఉన్న గోడల పక్కన ఒరిపిడి తగ్గుతుంది. కొవ్వు అక్కడ పేరుకొంటుంది. అందువల్లనే స్టెంటు చికిత్సలలో నూటికి 15 నుంచి 20 దాకా ఇటువంటి చీలికల దగ్గరే జరుగుతున్నాయి.

స్టెంటు అంటే సన్నని లోహపు జాలిగొట్టం. 1977లో జూరిచ్‌లో గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు గుండె రక్తనాళంలోని అడ్డును మొదటిసారి బెలూనుతో తెరిచాడు. తెరిచిన దారి మళ్ళీ మూసుకుపోకుండా 1986లో స్టెంట్లు వచ్చాయి. 1990లలో రామేశ్వరంలో పుట్టిన అబ్దుల్ కలాంగారూ, హైదరాబాదులో హృద్రోగ వైద్యులు సోమరాజుగారూ కలిసి తక్కువ ఖరీదులో ఒక స్టెంటు తయారు చేయించారు. దానికి కలాం–రాజు స్టెంటు అని పేరు వచ్చింది. ఈ మాట చెప్పుకోవడం మనబోటివారికి సంతోషం.

తిన్నని నాళంలో తిన్నని గొట్టం పెట్టడం తేలిక. చీలికదగ్గరే చిక్కు. పెద్దదారిలో స్టెంటు విప్పితే దాని జాలి కొమ్మ నోటికి అడ్డంగా పడుతుంది. ఒక్కొక్కప్పుడు చీలే మొన పక్కకు జరిగి, ఆ నోరు ఇరుకవుతుంది. దీనికి వైద్యులు రెండు మార్గాలు అనుసరిస్తున్నారు.

మొదటిది "అవసరమైతేనే రెండోది" అనే మార్గం. రెండు దారుల్లోకీ సన్నని తీగలు పోనిచ్చి, పెద్దదారిలోనే స్టెంటు పెడతారు. చీలికకు పైభాగం వెడల్పుగా ఉంటుంది గనుక అక్కడ పెద్ద బెలూనుతో స్టెంటును గోడకు అదుముతారు. కొమ్మలో రక్తం బాగా పారుతుంటే అంతటితో ఆపుతారు. పారకపోతే జాలి సందులోనుంచి తీగ పంపి, రెండు దారుల్లో రెండు బెలూన్లు ఒకేసారి ఉబ్బిస్తారు. అప్పటికీ కుదరకపోతేనే రెండో స్టెంటు.

రెండో మార్గంలో మొదటినుంచే రెండు స్టెంట్లు అనుకొని దిగుతారు. ఇందులో పద్ధతులు చాలా ఉన్నాయి. పేరుపొందినది "డీకే క్రష్". దాన్ని చైనాలో నాంజింగ్ వైద్యుడు షావోలియాంగ్ చెన్ వృద్ధిచేశాడు. కొమ్మ స్టెంటును ముందు పెట్టి, పెద్దదారిలోకి పొడుచుకొచ్చిన దాని అంచును గోడకు అణగదొక్కుతారు. జంట బెలూన్లతో నోరు తెరుస్తారు. తరువాత పెద్దదారి స్టెంటు పెట్టి, మళ్ళీ జంట బెలూన్లు ఉబ్బిస్తారు. చేయితిరిగినవారు చేయవలసిన పని.

ఇక ఏది మేలు? 2006లో ఉత్తర యూరపు వైద్యులు 413 మందిమీద రెండు మార్గాలూ పోల్చారు. ఆరునెలలకు మరణం, గుండెపోటు మొదలైన కీడులు రెండు పక్షాలలోనూ నూటికి 3 ప్రాంతంలోనే ఉన్నాయి. రెండు స్టెంట్లకు మాత్రం సమయమూ, ఎక్స్‌రే మందూ ఎక్కువ పట్టాయి. 2010లో బ్రిటిషు వైద్యులు 500 మందిమీద పోల్చినప్పుడు తొమ్మిది నెలలకు సాదా మార్గంలో నూటికి 8 మందికీ, రెండు స్టెంట్ల మార్గంలో 15 మందికీ కీడు జరిగింది. కొమ్మ నోరు ఇరుకుగా కనిపించినంతమాత్రాన రక్తం అందడంలేదని కూడా కాదు. 2005లో కొరియా వైద్యులు, స్టెంటు వెనుక ముప్పాతిక వంతుకు మించి మూసుకున్నట్టు కనిపించిన 73 కొమ్మలలో ఒత్తిడి కొలిచే తీగతో చూస్తే, నిజంగా రక్తం తగ్గినవి 20 మాత్రమే. కాబట్టి ఒకటి చాలునన్న డాక్టరుగారు బీదవాడికి తక్కువ వైద్యం చేస్తున్నారని అనుకోరాదు.

అయితే కొమ్మలన్నీ ఒకటి కావు. కోవిల్‌పట్టి దాటి వాంచి మణియాచ్చికి పోయి చూడండి. అక్కడ దారి తిరునెల్వేలికీ, తూత్తుకుడికీ చీలుతుంది. అందులో ఏది అసలుదారి, ఏది కొమ్మ? రెండూ కావలసినవే. గుండెకు ఎడమవైపు మూలనాళం చీలేచోటు అటువంటిది. 2017లో వెలువడిన పరిశోధనలో, అక్కడ రెండు పాయలకూ అడ్డున్న 482 మందిని పరిశీలించారు. ఏడాదిలో చికిత్స విఫలమైనవారు సాదా మార్గంలో నూటికి 10.7, డీకే క్రష్‌లో 5.0. మరి 2021లో యూరపులో అటువంటి 467 మందిని చూస్తే, సాదా మార్గంలో 14.7, రెండు స్టెంట్లలో 17.7, ఈ తేడా లెక్కకు నిలిచేది కాదన్నారు. అక్కడ సాదా మార్గంలో మొదలుపెట్టినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి రెండో స్టెంటు అవసరపడింది. కొమ్మ పెద్దదై, అడ్డు నోటిదగ్గరే ఆగక లోపలికి పొడుగునా పాకినప్పుడు మొదటినుంచే రెండు పెట్టడానికి బలమైన కారణం ఉంటుంది. కాబట్టి రెండన్న డాక్టరుగారిది డబ్బాశే అనికూడా అనుకోరాదు.

డబ్బు మాట వచ్చింది గనుక ఇదికూడా చెబుతాము. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం స్టెంట్ల ధరకు కట్టుబాటు పెట్టింది. అప్పట్లో మందుపూత స్టెంటుకు గరిష్ఠ ధర పన్నులు కాక 29,600 రూపాయలు. తరువాత ఆ అంకె మారుతూ వచ్చింది. బిల్లులో స్టెంటు ధర వేరుగా చూపమని అడగడం తప్పుకాదు.

ఆ అన్నదమ్ములకు మా సలహా ఇది. ఇద్దరూ కలిసి వెళ్ళండి. డాక్టరుగారిని మర్యాదగా నాలుగు మాటలడగండి. ఆ కొమ్మ గుండెలో ఎంత భాగానికి రక్తమిస్తుంది? అడ్డు నోటిదగ్గరేనా, లోపలిదాకానా? నాళం లోపలికి చిన్న కెమెరావంటి సాధనం పంపి చూస్తూ చేస్తారా? మా నైనకు బైపాసు ఆపరేషను మేలా? మూడో ప్రశ్న ఊరికే చెప్పలేదు. 2023లో వెలువడిన పరిశోధనలో 1,201 మందికి చీలికల దగ్గర చికిత్స చేశారు. లోపలినుంచి చూస్తూ చేసినవారిలో రెండేళ్ళకు నూటికి 10.1 మందికీ, మామూలుగా చేసినవారిలో 14.1 మందికీ కీడు జరిగింది. నాలుగోదికూడా అంతే ముఖ్యం. మూలనాళంలో అడ్డూ, మధుమేహమూ కలిసినప్పుడు బైపాసు సంగతి ఆలోచించకుండా ముందుకు పోరాదు.

ఒకటైనా, రెండైనా, తరువాత రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండురకాల మాత్రలు సాధారణంగా ఆరునెలలు మొదలు ఏడాదిదాకా వాడవలసి ఉంటుంది. వైద్యుడు చెప్పకుండా ఒక్కరోజైనా మానరాదు. పల్లెలో నొప్పి తగ్గగానే మాత్రలు అటకెక్కుతాయి. అది ప్రాణానికే ముప్పు.

వైద్యులను లెక్కతో కొలవకండి, కారణంతో కొలవండి. ఎన్ని స్టెంట్లు అనికాదు, ఎందుకు అని అడగండి. కారణం విప్పి చెప్పిన వైద్యుణ్ణి నమ్మండి. అంతకుముందు అన్నదమ్ములు మాట్లాడుకోండి. నైనగారికి ఇప్పుడు కావలసిన మొదటి మందు అదే.

నైనగారు కోలుకున్న కబురు మాకు రాయండి. తమిళ అక్షరాలలోనైనా సరే, మేము చదువుకుంటాము.